మూలపేటలో హత్య చేయించడం ఎంత కష్టమో

నా నవలలో చనిపోయేది డెబ్బై దాటిన రిటైర్డ్ టీచరమ్మ. చోటు నెల్లూరు మూలపేటలో ఒక పాత మిద్దె. హంతకుణ్ణి పట్టుకునేది పోలీసూ కాదు, లాయరూ కాదు. వాయిదాల మీద చీరలమ్మే పెంచలమ్మ. పుస్తకం వచ్చాక తెలిసినవాళ్ళంతా అడిగిన మాట ఒకటే, "ఇట్టాంటి ఆలోచనలు నీకెట్టా వస్తాయిమే?" అని. ఆలోచనకేముంది, ఎవరికైనా వస్తుంది. దాన్ని నెల్లూరులో నిలబెట్టడమే అసలు పని. అది ఎట్లా జరిగిందో రాస్తాను. హంతకుడి పేరు మాత్రం చెప్పను, ఇంకా కాపీలు అమ్ముకోవాలి.

ముందు ఈ రకం నవల సంగతి. కోజీ మిస్టరీ అంటారు. హత్య ఉంటుంది గానీ మన కళ్ళ ముందు జరగదు. నెత్తురు, నరుకుడు, పడగ్గది సీన్లు ఉండవు. ఒక చిన్న ఊరో వీధో ఉంటుంది, అక్కడ అందరికీ అందరూ తెలుసు. గుట్టు విప్పేది మామూలు మనిషి, డిటెక్టివ్ ఉద్యోగం చేసే మనిషి కాదు. అగాథా క్రిస్టీ సృష్టించిన మిస్ మార్పుల్ ఈ దారిలో అందరికీ తెలిసిన పేరు. ఆవిడ మొదటి నవల వచ్చింది 1930లో. పల్లెటూళ్ళో ఊలు అల్లుకుంటూ కూర్చునే ముసలావిడ, మనుషుల బుద్ధులు చదివి హంతకుల్ని పట్టుకుంటుంది. మన దగ్గర డిటెక్టివ్ నవలంటే చాలాకాలం వేరే రూపం. చిన్నప్పుడు అద్దె పుస్తకాల షాపు నుంచి నేను తెచ్చుకున్నవాటిలో హీరో కోటు వేసుకుని, పిస్తోలు పట్టుకుని, మద్రాసులోనో బొంబాయిలోనో కారు నడుపుతుండేవాడు. భలే ఉండేవి, అన్నం కంచం ముందు కూడా చదివేదాన్ని. కానీ ఒక్కదాంట్లోనూ మా వీధి కనపడేది కాదు.

నేను రిజిస్ట్రారాఫీసు దగ్గర దస్తావేజులు రాసే చోట టైపింగ్ చేస్తాను. అమ్మకాలు, దాన సెటిల్‌మెంట్లు, భాగపరిష్కారాలు, వీలునామాలు. సంతకం పెట్టేటప్పుడు అన్నదమ్ముల ముఖాలు ఎట్లా ఉంటాయో పక్కన నిలబడి చూస్తుంటాను. "ఎవరి బలవంతమూ లేకుండా నా మనఃపూర్తిగా" అని నేను టైపు చేస్తున్నప్పుడే వెనక ఒకాయన ముసలమ్మ మోచెయ్యి పట్టుకుని లాగుతుంటాడు. హత్యకి కారణం వెతుక్కోవడానికి నేను ఎక్కడికీ పోనక్కర్లేదు, రోజూ ప్రింటు తీస్తూనే ఉంటా.

కారణం దొరికింది సరే, గుట్టు విప్పే మనిషి ఎవరు? దీని దగ్గర చాలా తచ్చాడాను. ఎల్‌ఐసీ ఏజెంటు అనుకున్నా. వాళ్ళని హాల్లో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి పంపిస్తాం. ఆశా వర్కరు అనుకున్నా. ఆమెకి పని ఒత్తిడి, ఇంటికి రెండు నిమిషాలు. లాయరు గుమస్తా అయితే మగవాళ్ళతోనే మాట్లాడతాడు. నేను పెట్టుకున్న పరీక్ష ఒకటే: ఈ మనిషి పిలవకుండా ఇంట్లోకి వచ్చి, హాలు దాటి వంటింటి గడప దగ్గర కూర్చోగలదా? మళ్ళీ వారం తిరక్కుండా రాగలదా? ఎందుకొచ్చావని ఎవరూ అడక్కుండా ఉంటారా?

మా వీధికి చీరల మూట వేసుకుని వచ్చే ఆమె ఉండేది. నడవలో కింద కూర్చుని ముడి విప్పితే పక్కిళ్ళ ఆడవాళ్ళు నలుగురూ చేరేవాళ్ళు. చీరలు చూసేది కాసేపు, మాటలు గంట. వెంకటగిరి కాటన్ మడత విప్పి ఒళ్ళో పరుస్తూ, "నీ కూతురు కాన్పుకి వచ్చిందంటనే, అల్లుడు రాలేదా?" అని అడిగేది. అడిగినట్టే ఉండేది కాదు. ఎవరు ఎంత కట్టారో రాసుకునే పొడుగాటి నోటుబుక్కు ఒకటి ఆమె దగ్గర ఉండేది, బైండు ఊడిపోయి రబ్బరు బ్యాండు వేసి ఉండేది. ఆ పుస్తకం గుర్తుకొచ్చాక ఇంక వేరే మనిషిని వెతకలేదు. ఇంట్లో డబ్బుకి ఇబ్బంది వస్తే బ్యాంకుకి తెలిసేలోపే చీరలామెకి తెలుస్తుంది. ముందు ఆగిపోయేది ఆ వాయిదానే. అట్లాగే, నెలల తరబడి వందా యాభై విదిలిస్తున్న ఇల్లాలు ఒకరోజు పాత బాకీ మొత్తం తీర్చేసి, పైన గృహప్రవేశానికని పట్టుచీర అడిగితే? పెంచలమ్మ నోటుబుక్కులో ఆ లెక్క కొట్టేసిన గీత నా మొదటి క్లూ.

పెంచలమ్మ అనే పేరు గురించి ఆలోచించనే లేదు. పెంచలకోన ఉన్న జిల్లాలో ఏ వీధిలో పిలిచినా ఒక పెంచలమ్మో పెంచలయ్యో పలుకుతారు.

తర్వాత పోలీసుల గొడవ. కోజీ నవలలో పాఠకుడు పైకి అనకపోయినా లోపల అనుకునే మాట ఒకటుంటుంది, ఈమె ఎందుకు తిరుగుతుంది, పోలీసులు ఏం చేస్తున్నారు అని. మా వీధిలో రిటైరైన హెడ్ కానిస్టేబుల్ ఉన్నాడు, బాబాయ్ అంటాను. ఆయన దగ్గరికి పోయి కథ చెప్పాను. అప్పటికి నా ప్లాను ఇది: టీచరమ్మ మిద్దె మెట్ల మీంచి జారి పడిపోయిందని అందరూ అనుకుంటారు, సాయంత్రానికల్లా పెన్న ఒడ్డున బోడిగాడితోటలో దహనం అయిపోతుంది, ఆ తర్వాత పెంచలమ్మకి అనుమానం మొదలవుతుంది.

బాబాయ్ నవ్వాడు. "బూడిదలో ఏం వెతుకుతుందిమే మీ పెంచలమ్మ? శవం లేకుండా, పోస్ట్‌మార్టం లేకుండా కేసు నిలబడేది కష్టం. నేను ఎస్సైనైతే నీ పెంచలమ్మకి టీ ఇప్పించి ఇంటికి పంపిస్తా."

అందుకని పక్కింటి కాలేజీ కుర్రాడి చేత 108కి ఫోన్ చేయించాను. అంబులెన్సు వచ్చింది, మనిషి పోయిందన్నారు, తలకి దెబ్బ, ఇంట్లో ఒంటరి ముసలామె. ఇంక పోలీసులకి చెప్పక తప్పదు. అక్కడి నుంచి బాబాయ్ చెప్తుంటే నేను రాసుకుంటూ పోయాను. అనుమానాస్పద మృతిని పాతవాళ్ళు ఇప్పటికీ పాత చట్టం సెక్షన్ నంబరుతో "174" అనే అంటారు. 2024 జులై 1 నుంచి కొత్త చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లోకి వచ్చింది, దాంట్లో అది 194వ సెక్షన్. హత్యకి 302 పోయి భారతీయ న్యాయ సంహితలో 103 వచ్చింది. నా కథ జరిగేది 2025లో. కాబట్టి నవలలో ముసలి హెడ్డు 174 అంటాడు, కుర్ర ఎస్సై 194 అని దిద్దుతాడు, హెడ్డు వినీ విననట్టు ఉంటాడు. సినిమాలు చూసి 302 అని రాసేసే వాళ్ళకి ఇది చిన్న హెచ్చరిక.

బాబాయ్ చెప్పినవాటిలో రెండు నా నవలని నిలబెట్టాయి. శవ పంచనామా ఇరుగుపొరుగున ఉండే మర్యాదస్తులు ఇద్దరో అంతకన్నా ఎక్కువమందో ఉండగా చేయాలి. చట్టంలోనే ఉంది. అంటే పోలీసులు ఏం చూశారో చూసిన మనుషులు అదే వీధిలో ఉంటారు. వాళ్ళలో ఒకాయన భార్య పెంచలమ్మకి మూడు చీరల బాకీ. ఇంక పోలీసు ఫైలు చూడాల్సిన అవసరం పెంచలమ్మకేముంది?

రెండోది పోస్ట్‌మార్టం వేళ. సౌకర్యాలున్న ఆసుపత్రుల్లో సూర్యాస్తమయం తర్వాత కూడా చేయొచ్చని 2021 నవంబరులో కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది గానీ, హత్య, ఆత్మహత్య, అనుమానాస్పద మరణాల లాంటివాటికి మామూలుగా అది వర్తించదు. శాంతిభద్రతల సమస్య ఉంటే తప్ప పగలే చేయాలి. నా కథలో శవం దొరికేది సాయంత్రం ఆరున్నరకి. కాబట్టి రాత్రంతా మార్చురీలో ఉంటుంది, ఇంటి ముందు చుట్టాలు షామియానా కింద కుర్చీల్లో కూర్చుని తెల్లవార్లూ ఎదురుచూస్తుంటారు. అట్లాంటి రాత్రి మనవాళ్ళు ఏం మాట్లాడుకుంటారో తెలుసుగా. మొదటి గంట ఏడుపు, రెండో గంట ఆమె మంచితనం, మూడో గంట నుంచి ఇల్లు ఎవరికి అని. నవలలో నాకు బాగా నచ్చిన అధ్యాయం అదే. పెంచలమ్మ అందరికీ టీ గ్లాసులు అందిస్తూ ఉంటుంది, అంతే. ఒక్క ప్రశ్న వేయదు.

ఇంకో ఇబ్బంది మన ఆచారంతోనే వచ్చింది. మనిషి పోయిన ఇల్లు కడిగేస్తాం. పోలీసులు వెళ్ళీ వెళ్ళగానే ఎవరో ఒక పెద్దామె చీపురు, పసుపు నీళ్ళు తీసుకుంటుంది, గడప నుంచి పెరడు దాకా శుభ్రం. అడుగుజాడలు, వేలిముద్రలు, మెట్ల మీద నూనె చుక్క, ఏదుంటే అది తూములోకి. మొదట విసుగొచ్చింది. తర్వాత అనిపించింది, ఇదే మేలు, భూతద్దం పట్టుకుని తిరిగే పని నాకు తప్పింది. వస్తువులు పోయాక మిగిలేది మనుషుల జ్ఞాపకం. ఎవరు ఎక్కడ ఏం చూశారు, ఏం విన్నారు, ఎవరు ఎప్పుడూ చేయని పని ఆరోజు చేశారు. చీరలామెకి కావాల్సింది కూడా అదే సరుకు.

ఇక రొట్టెలు. దర్గామిట్టలో బారాషహీద్ దర్గా, దాన్ని ఆనుకునే స్వర్ణాల చెరువు. ఏటా మొహర్రం సమయంలో అయిదు రోజులు జరిగే రొట్టెల పండగని 2015లో రాష్ట్ర పండగ చేశారు. ఎప్పుడూ రానివాళ్ళ కోసం చెప్తాను. మనసులో కోరిక ఉన్నవాళ్ళు చెరువు నీళ్ళలో దిగి ఆ కోరిక పేరున్న రొట్టె తీసుకుంటారు. కోరిక తీరినవాళ్ళు తర్వాతి పండక్కి ఇంటి నుంచి రొట్టెలు చేసుకొచ్చి, అదే కోరికతో వచ్చినవాళ్ళకి ఇస్తారు. ఆరోగ్యం రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె, చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, సొంతిల్లు రొట్టె, విదేశం రొట్టె. హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు అనే తేడా ఉండదు. తల మీద గుడ్డ కప్పుకుని నీళ్ళలో నిలబడి "పెళ్ళి రొట్టె ఎవరికమ్మా, పెళ్ళి రొట్టె" అని కేకలేస్తుంటే, ఎక్కడో వెనకాల సిగ్గుపడుతున్న పిల్ల చెయ్యి వాళ్ళమ్మ పైకెత్తుతుంది.

చిన్నప్పటి నుంచి పోతున్నదాన్నే. ఒకసారి చదువు రొట్టె, ఒకసారి ఉద్యోగం రొట్టె తీసుకున్నా కూడా. కానీ నవల బుర్రలో పడ్డాక వెళ్ళినప్పుడు చెరువు గట్టున నిలబడి చూస్తుంటే ఒళ్ళు ఝల్లుమంది. ఇంత జనంలో ప్రతి ఒక్కరూ తమ గుట్టు గొంతెత్తి చెప్తున్నారు. పక్కింట్లో ఎవరికి పిల్లల్లేక దిగులో, ఎవరి ఆరోగ్యం బాగాలేదో, ఎవరు దుబాయ్ పోవాలనుకుంటున్నారో, ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పనివి అక్కడ తెలిసిపోతాయి. ఇచ్చేవాళ్ళు ఇంకా పెద్ద మాట చెప్తున్నారు. నా కోరిక తీరిపోయింది అని.

అక్కడే నా కథకి ముడి పడింది. ఒక ఇల్లాలు 2024 పండగలో సొంతిల్లు రొట్టె తీసుకుంటుంది, పక్కనే పెంచలమ్మ ఉంటుంది. 2025లో అదే ఇల్లాలు బుట్టనిండా రొట్టెలు చేసుకొచ్చి "సొంతిల్లు రొట్టె" అని పంచుతుంది. వాళ్ళు ఉండేది ఇంకా అద్దె ఇంట్లోనే. ఎక్కడా స్థలం కొన్నట్టు లేదు, లోను తీసుకున్నట్టు లేదు. ఆమె అబద్ధమాడే మనిషి కాదు, మొక్కు విషయంలో అయితే ప్రాణం పోయినా ఆడదు. అంటే ఇల్లు వచ్చేసిందని ఆమెని ఎవరో నమ్మించారు. పండగ అయిన వారానికి టీచరమ్మ పోతుంది. ఆ ఇల్లాలికి హత్య గురించి ఏమీ తెలియదు. ఆమె భక్తే అసలు నేరస్తుణ్ణి పట్టిస్తుంది. ఈ సంగతి తట్టిన రోజు ఆఫీసులో ఒక భాగపరిష్కారం దస్తావేజులో హద్దులు తారుమారుగా కొట్టి చీవాట్లు తిన్నాను.

ఒక భయం కూడా పట్టుకుంది. జనం నమ్మకాన్ని హత్య కథలోకి లాగానని ఎవరైనా నొచ్చుకుంటే? అందుకే కొన్ని గీతలు గీసుకున్నా. దర్గా దగ్గర ఏ నేరమూ జరగదు. రొట్టె మీద ఎవరూ జోకు వేయరు. రొట్టె తీసుకున్న ఏ పాత్రా మొక్కుని అబద్ధానికి వాడుకోదు. ఆ అధ్యాయాలు మా ఆఫీసు పక్కన జిరాక్స్ షాపు నడిపే ఖాదర్ భాయ్‌కి చదివి వినిపించాను. ఆయన అభ్యంతరం ఒక్కటే, మధ్యలో దర్గాకి గంధం తెచ్చే రాత్రి గురించి ఒక్క ముక్క కూడా రాయలేదేమని. ఆ రాత్రి లేకుండా పండగ ఎట్లా అవుతుంది అన్నాడు. ఒక పేజీ చేర్చాను.

ఇంకో సంగతి, పండగ తేదీ. హిజ్రీ నెలలు చంద్రుణ్ణి బట్టి కాబట్టి మన క్యాలెండరులో ఏటా పదకొండు రోజుల చొప్పున ముందుకి జరుగుతూ వస్తుంది. 2024లో జులై 17న మొదలైంది, 2025లో జులై 6న. దీన్ని వదలబుద్ధి కాలేదు. టీచరమ్మకి రెండు లక్షలు అప్పిచ్చానని చెప్పుకునే వడ్డీ వ్యాపారి ఒకడున్నాడు కథలో. ప్రామిసరీ నోటు చూపిస్తాడు, తేదీ 6-7-2024. "రొట్టెల పండగ మొదటిరోజు, దర్గా నుంచి నేరుగా వచ్చి ఇచ్చాను" అంటాడు. ఆ ఏడు ఆ తేదీకి పండగే లేదు. వాడు దొంగనోటు పుట్టించింది 2025లో, ఆ ఏటి తేదీ చూసుకుని సంవత్సరం మార్చాడు. వాడు హంతకుడు కాదు, ఉత్త మోసగాడు. కానీ సగం నవల దాకా పాఠకులందరి వేలూ వాడి మీదే.

వీలునామా భాగం రాయడానికి ఎవర్నీ అడగలేదు, అది నా కూడు. టీచరమ్మకి పిల్లల్లేరు, భర్త పోయాడు. ఇల్లు తండ్రి నుంచి వచ్చింది. 1956 హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్‌లో ఒక మెలిక ఉంది. పిల్లల్లేని స్త్రీ వీలునామా రాయకుండా పోతే, తల్లిదండ్రుల నుంచి వచ్చిన ఆస్తి తండ్రి వారసులకి పోతుంది. భర్త నుంచో మామగారి నుంచో వచ్చింది భర్త వారసులకి పోతుంది. కాబట్టి ఇల్లు ఎవరిదన్నది తేలాలంటే ముందు ఆ ఇల్లు టీచరమ్మకి ఎట్లా వచ్చిందో తేలాలి. పుట్టింటివైపు ఒక జట్టు, మెట్టినింటివైపు ఒక జట్టు, రెండు జట్లకీ కారణం ఉంది. అనుమానితులు వాళ్ళంతట వాళ్ళే వరసలో నిలబడ్డారు.

హంతకుడు తెలివైనవాడు. టీచరమ్మ ఏమైనా రాసిందేమోనని ఇంటి మీద ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం, తీసి చూస్తాడు. ఏమీ లేదు. ఇంకా రాయలేదు, రాసేలోపు పని కానివ్వాలి అనుకుంటాడు. అతనికి తెలియనిది, మా ఆఫీసులో టీ తెచ్చే కుర్రాడికి కూడా తెలిసినది ఏంటంటే, వీలునామా ఈసీలో రాదు. అమ్మకాలు, తనఖాలు, సెటిల్‌మెంట్లు ఒకటో పుస్తకంలో ఎక్కుతాయి, ఈసీ దాన్ని చూసి ఇస్తారు. వీలునామా మూడో పుస్తకం. రాసిన మనిషి బతికున్నంతకాలం దాని నకలు ఆ మనిషికో, ఆ మనిషి అధికారమిచ్చిన ఏజెంటుకో తప్ప ఇంకెవరికీ ఇవ్వరు. టీచరమ్మ అప్పటికే ఇద్దరు సాక్షుల చేత సంతకాలు పెట్టించి రిజిస్టరు చేయించేసింది. అంటే చంపినా లాభం లేని రోజున చంపాడు. ఇది చివరి అధ్యాయంలో బయటపడుతుంది. రిజిస్టరు చేయకపోయినా వీలునామా చెల్లుతుంది, ఇద్దరు సాక్షులు చాలు. కానీ రిజిస్టరు చేయిస్తేనే నా కొసమెరుపు పండుతుంది.

క్లూలు దాచడం గురించి. రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లీషు మతగురువు 1929లో డిటెక్టివ్ కథలకి పది నియమాలు రాశాడు. పాఠకుడికి చూపించని క్లూతో గుట్టు విప్పకూడదు, ముందు చెప్పకుండా కవల పిల్లల్ని దించకూడదు, రహస్య ద్వారాలు ఒకటికి మించకూడదు, ఇట్లాంటివి. చిన్నప్పుడు నేను చదివినవాటిలో ఒక్కో నవల ఈ మూడింటినీ ఒకే అధ్యాయంలో దాటేసేది, చప్పట్లు కొట్టి చదివేవాళ్ళం. అయినా నాకు క్లూ గురించిన నియమం నచ్చింది. చూపించాలి, కానీ కనపడకూడదు. నాకు తెలిసిన దారి, వంట మాటల మధ్యలో పెట్టేయడం. మొదటి అధ్యాయంలో ఎండాకాలం, టీచరమ్మ పీట మీద కూర్చుని బూడిదగుమ్మడికాయ కోస్తుంటుంది:

"ఉప్పు చూసి వెయ్యమే, పోయినేడు నోట్లో పెట్టుకోలేకపోయినాం. ఇంగువ ఆ డబ్బాలో ఉండాది. పెట్టినాక మిద్దె మీదకి నువ్వే తీసకపో, మెట్లెక్కి నాకు ఏడాది దాటిపోయినాది ఈ మోకాళ్ళతో. కాకులు రాకుండా నల్లగుడ్డ కట్టు. అన్నట్టు ఆ నీలం చీర ఎంతన్నావు?"

మెట్లెక్కలేని మనిషి మెట్ల మీంచి ఎట్లా పడుతుంది? క్లూ అదే. ముందు ఉప్పు, వెనక కాకులు, చివర చీర ధర. మా అత్తకి చేతిరాత ప్రతి ఇస్తే ఆ పేజీ దగ్గర ఆగి, "గుమ్మడి వడియాల్లో పచ్చిమిరపకాయ నూరి వెయ్యరా ఎవరైనా? రాయలేదేంది?" అంది. మోకాళ్ళ సంగతి ఆమె కంట పడలేదు. నాకు అంతకన్నా పెద్ద మెచ్చుకోలు లేదు. పచ్చిమిరపకాయ కూడా వేశాను.

అయితే హంతకుణ్ణి మా అత్త సగం దగ్గరే పట్టేసింది. ఎట్లా అని అడిగితే, "వాడొక్కడే అందరితో మంచిగా ఉండాడు" అంది. ఇది గట్టి దెబ్బ. ఆ పాత్రని మళ్ళీ రాశాను. చుట్టాల మీద కాస్త విసుక్కునేట్టు, పాలవాడితో అర్ధలీటరు దగ్గర పోట్లాడేట్టు చేశాను. ఇప్పుడు అతను అసలు మనిషిలా ఉన్నాడు, అనుమానం కూడా తగ్గింది. ఇదే పద్ధతిలో వడ్డీ వ్యాపారికి ఒక మంచి గుణం పెట్టబోతే అతను నాకే నచ్చడం మొదలైంది, ఆపేశాను.

యాస విషయంలో ఎక్కువ తంటా పడలేదు. కథ చెప్పేది మామూలు తెలుగులో, మాటలు నెల్లూరువి. హైదరాబాదులో ఉండే స్నేహితురాలు "ఉండాది, పోయినాది అని రాస్తే అందరికీ అర్థమవుతుందా" అంది. అందరి యాసలూ మనకి సినిమాల్లో అర్థమవుతున్నాయి, మనది వాళ్ళకి ఎందుకు అర్థం కాదు అన్నాను.

కోజీ నవలల్లో చివరికి అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి గుట్టు విప్పుతారు. నెల్లూరులో అనుమానితులందర్నీ ఒక హాల్లోకి రమ్మంటే ఎవరొస్తారు? చీరలామె పిలిస్తే అసలే రారు. కానీ పదకొండో రోజు పెద్దకర్మకి రాకుండా ఉండగలరా? రాకపోతే ఊరంతా మాట. పుట్టింటివాళ్ళు, మెట్టినింటివాళ్ళు, అప్పులవాళ్ళు, పాత విద్యార్థులు, పంచనామా మీద సంతకం పెట్టిన పెద్దమనుషులు, అందరూ వరసగా విస్తరాకుల ముందు. నేను ఏ తంటా పడకుండా మన ఆచారం తెచ్చి కూర్చోబెట్టింది. పెంచలమ్మ వడ్డిస్తూ ఒక్కొక్కరి దగ్గరా ఒక్కో మాట అడుగుతుంది. సాంబారు దగ్గర ఒకరు తడబడతారు, పెరుగు దగ్గర ఇంకొకరు. వంకాయ కూర వద్దని చెయ్యి అడ్డం పెట్టిన మనిషి చేతి మీద ఒక గీరుడు కనపడుతుంది. కుర్ర ఎస్సై కూడా బంతిలో కూర్చుని ఉంటాడు, మజ్జిగ అయ్యేదాకా లేవడు. ఇంతకన్నా చెప్తే పుస్తకం కొనరు.

రాయడం ఒక ఎత్తు, అచ్చు ఒక ఎత్తు. ఫోన్‌లో యూనికోడ్‌లో టైపు చేసుకున్నదంతా డీటీపీ వాళ్ళు అచ్చుకి వాడే అను ఫాంట్లలోకి మార్చారు. దస్తావేజుల పని కాబట్టి ఆ ఫాంట్ల సంగతి నాకు కొత్త కాదు, అయినా ప్రూఫు చూసి తల పట్టుకున్నాను. "స్టేషన్‌లో" అన్న చోటల్లా న కింద ల వత్తు వేలాడుతోంది. "పోస్ట్‌మార్టం" మధ్యలో ట కింద మ ఇరుక్కుపోయింది. పోలీసులున్న నవలలో ఈ రెండు మాటలు ఎన్ని ఉంటాయో లెక్కేసుకోండి. ఎర్రపెన్ను అయిపోయింది. ఐఎస్‌బీఎన్ నంబరు మాత్రం తేలిగ్గా వచ్చింది. ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ సంస్థ ఆన్‌లైన్‌లో ఉచితంగానే ఇస్తుంది, దానికోసం ఎవరికీ డబ్బులు కట్టొద్దు. డెమ్మీ సైజు, కొద్ది కాపీలు, అవి అయితే మళ్ళీ కొద్ది కాపీలు. ఇప్పుడు అట్లా వేసే ప్రింటర్లు ఉన్నారు కాబట్టి అటక మీద కట్టలు పేర్చుకునే పని తప్పింది. పుస్తకాల షాపుల వాళ్ళు అడిగే కమీషను విన్నాక నేనే పోస్టులో పంపడం మొదలుపెట్టాను.

చదివినవాళ్ళలో ఎక్కువమంది హంతకుడి గురించి మాట్లాడతారనుకున్నా. ఒకాయన కావలి నుంచి ఫోన్ చేసి, పెంచలమ్మ చీరకి వేసుకున్న లాభం మరీ తక్కువ, అట్లా అయితే గిట్టదు అని అరగంట లెక్క చెప్పాడు. ఒకామె రొట్టె పంచిన ఇల్లాలు తర్వాత ఏమైందో రాయనందుకు నా మీద కోపంగా ఉంది. ఆ కోపం న్యాయమే, రెండో పుస్తకంలో ఆమె ఉంటుంది. చీరల మూటలో సగం ఇప్పుడు ఆమెదే.

ఇంక మా ఆఫీసు సంగతి. ఈమధ్య రోజుకొకరు వచ్చి, "ఈసీలో కనపడకుండా వీలునామా రాయొచ్చంట గదమ్మా, ఆ నవల రాసినామె నువ్వేనా?" అని గొంతు తగ్గించి అడుగుతున్నారు. మా లేఖరి గారు మొదట్లో చిరాకుపడ్డాడు. ఇప్పుడు కుర్చీ వేసి, "కూర్చోండి, సాక్షులిద్దరూ ఆధార్ తెచ్చుకున్నారా?" అంటున్నాడు.